పాట అందరిదట... పైసలు మాత్రం ఒక్కరివట!

పాతబస్తీ బోనాల తెల్లారి సోమవారం. హరిబౌలి అక్కన్న మాదన్న గుడికాడికెల్లి అమ్మవారి ఘటం ఏనుగెక్కి ఎల్లింది. షాలిబండ దాటి చార్మినార్ దిక్కు వస్తున్నది. అటు నయాపూల్ దాంక జనమే జనం. ముందట పోతరాజులు, ఎనుక డప్పులు, డప్పుల ఎనుక వరుసగ డీజే బండ్లు. ఒక బండి మీద మాయదారి మైసమ్మ. ఇంకో బండి మీద సారంగదరియా రీమిక్స్. మూడో బండి మీద నాలుగైదు ఊరి పాటలు కలిపి రుబ్బిన మిక్సింగ్. పెట్టెల చప్పుడుకు గుండెలు అదురుతున్నయి.

నా పక్కన ఒక ముసలవ్వ నిలవడ్డది. పాలమూరు దిక్కు నుంచి వలసొచ్చి, ఇండ్లు కట్టేకాడ ఇటుకలు మోసి మోసి ఈ బస్తీలనే ముసలిదైన మనిషి. మూడో బండి దగ్గరికి రాంగనే చెవు పెట్టి ఇన్నది. మొగం మారింది.

"గీ పాట మేము నాట్లేసేటప్పుడు పాడుతుంటిమి బిడ్డా. గని నడుమ ఒక సరణం లేదు. గదేమాయె?" అన్నది.

ఏం సరణమవ్వా అని అడిగిన. కైకిలి గింజలు కొలిచేటప్పుడు మానిక నిండ పొయ్యని పటేలును తిట్టే సరణమట. నడుము మీద కట్టిన సరణం ఉన్నది. సీర మీద కట్టిన సరణం ఉన్నది. కూలి మీద కట్టింది మాత్రం మాయమైంది.

బండి మీద ఉన్న పిలగానికి సైగ చేసిన. "తమ్మీ, గీ పాట ఎవరిదిరా?" అని అరిసిన. వాడు నవ్వి, "యూట్యూబ్ ది అన్నా!" అన్నడు.

మిత్రులారా, వాని మీద నాకు కోపం లేదు. వానికి తెలిసిందే వాడు చెప్పిండు. కోపం ఎవరి మీదంటే, పాటకు తల్లి లేదు, ఊరు లేదు, పేరు లేదు అని మనందరినీ నమ్మించిన యాపారం మీద. నమ్మి ఊకున్న మన మీద. మన నీళ్ల మీద, మన నిధుల మీద, మన కొలువుల మీద లెక్కలడిగిన జాతి మనది. మరి మన పాట మీద లెక్క ఎప్పుడడుగుతం?

సారంగదరియా చెప్పిన పాఠం

2021 ఫిబ్రవరి ఆఖరుల 'లవ్ స్టోరీ' సినిమా నుంచి సారంగదరియా పాట బయటికొచ్చింది. శేఖర్ కమ్ముల దర్శకుడు, పవన్ సంగీతం, మంగ్లి గొంతు, సాయిపల్లవి ఆట. రాసినాయనగా సుద్దాల అశోక్ తేజ పేరు పడ్డది. వారాలల్లనే కోట్ల వ్యూస్ దాటింది. సినిమా వచ్చింది ఆ ఏడు సెప్టెంబర్ల. అంటే సినిమా కన్న ఏడు నెలలు ముందే పాట ఊరూరు తిరిగొచ్చింది. పెండ్లి బరాతుల అదే, కాలేజీ డే ల అదే, అపార్ట్ మెంట్ గణపతి కాడ అదే. ఒక పాటకు ఎన్ని డ్యాన్స్ కవర్లు, ఎన్ని వయొలిన్ కవర్లు, ఎన్ని రీమిక్స్ లు వచ్చినయో లెక్కలేదు.

గప్పుడు ఒక ఆడిబిడ్డ ముందటికొచ్చింది. కోమలి. జానపద గాయని. ఈ పాటను మా ఇంటి పెద్దల నోటి నుంచి నేర్చుకున్న, మా టీవీల 'రేలా రే రేలా' పోగ్రాంల పాడిన, గా పోగ్రాం నుంచే ఇది లోకానికి తెలిసింది, మరి సినిమాల నా ముచ్చట ఏది అని అడిగింది. ఆ పోగ్రాంల న్యాయనిర్ణేతగ కూసున్న పెద్దమనిషి సుద్దాల అశోక్ తేజనే. పల్లవి జానపదంది, చరణాలు నేను రాసినవి, జానపదం ఏ ఒక్కరి సొత్తు కాదు అన్నది ఆయన వాదం.

టీవీ చర్చలు నడిచినయి. దర్శకుడు బహిరంగంగనే వివరణ ఇచ్చిండు. కోమలి పేరు పెడతమన్నడు, ఆమెకు పైసలిస్తమన్నడు. ఆమె ఒప్పుకున్నది. పంచాయితీ సల్లవడ్డది.

సల్లవడ్డది గని తెగలేదు. ఎందుకంటే ఒక్క కోమలికి నోరున్నది, టీవీల పాడిన రుజువున్నది, అందుకే అడగగలిగింది. రుజువు లేని కోమలులు ఎందరు? ఒక్కసారి సుత కెమెరా ముందట నిలవడని నాట్ల తల్లులు ఎందరు? వాళ్ల పాటకు ఎవరు వివరణ ఇచ్చిన్రు, ఎవరు ఫోన్ చేసిన్రు?

ఇంకో ముచ్చట ఇక్కడనే చెప్పాలె. ఈ లొల్లిల ఆంధ్ర పెట్టుబడిదారును తిట్టి చేతులు దులుపుకుందమంటే కుదరదు. సుద్దాల అశోక్ తేజ నల్లగొండ బిడ్డ. సాయుధ పోరాటంల పాటను తుపాకి తీరు మోసిన సుద్దాల హనుమంతు కొడుకు. దర్శకుడు ఈ పట్నంల పెరిగినాయన. పాట మనది, రాసినాయన మనోడు, తీసినాయన మనోడు, అడిగిన బిడ్డ మనది. అయినా ఆ బిడ్డ టీవీ స్టూడియోల చుట్టూ తిరిగి అడిగితే గని పేరు రాలే. అంటే రోగం ప్రాంతం కాడనే ఆగలేదు, పద్ధతిల ఉన్నది. ప్రత్యేక రాష్ట్రం 2014ల వచ్చింది. పద్ధతి మాత్రం పాతదే నడుస్తున్నది.

'అందరిదీ' అనే మాటల మోసం

జానపదం అందరిదీ అంటరు. నిజమే. నేను సుత గదే అంట. పాట పారే వాగు అసొంటిది. ఒక ఊర్లె పుట్టి పది ఊర్లు తిరుగుతది. వరంగల్ల ఒక తీరు, పాలమూరుల ఒక తీరు పాడుతరు. ఒక తల్లి సరణం కలుపుతది, ఇంకో తల్లి సరణం తీస్తది. గట్ల మారుడే దాని పానం. కొత్త తీరుగ పాడొద్దు, సినిమాల పెట్టొద్దు, రీమిక్స్ చెయ్యొద్దు అని ఎవడన్న అంటే వాడు పాటకు శత్రువు.

నేను అడిగేది వేరే ముచ్చట. పాడేటప్పుడు అందరిదైన పాట, పైసలు లెక్కవెట్టేటప్పుడు ఒక్కరిది ఎట్లయింది?

ఎట్లయిందో సూడున్రి. ఊరి పాటకు ఒక కంపెనీ కీబోర్డు కలిపి రికార్డు చేస్తది. ఆ రికార్డు మీద హక్కు కంపెనీది. పల్లవి ఉంచి రెండు సరణాలు కొత్తగ రాసినాయన రచయిత అయితడు. అదే బాణీకి వాద్యాలు పేర్చినాయన సంగీత దర్శకుడు అయితడు. ఇక యూట్యూబ్ ల కంటెంట్ ఐడీ అనే యంత్రం ఉన్నది. కంపెనీ తన రికార్డును దాంట్లె ఎక్కిస్తది. అసొంటి చప్పుడు లోకంల ఎవలు పెట్టినా యంత్రం పట్టుకుంటది. అప్పుడు ఆ వీడియోను ఆపొచ్చు, లేదంటే దాని మీద వచ్చే యాడ్ పైసలు కంపెనీనే తీసుకోవచ్చు. ఈ యంత్రం తాళం చెయ్యి పెద్ద పెద్ద హక్కుదారుల చేతులనే ఉంటది. నాట్ల తల్లికి ఇయ్యరు. ఆమె బాణీతోని పుట్టిన రికార్డుకు కాపలా ఉంటది, ఆమె బాణీకి ఉండదు. బాయి తవ్వినోడు దూపకు సస్తడు, మోటరు పెట్టినోడు నీళ్లమ్ముకుంటడు. గిదే కథ.

చట్టం ఏమంటది? మన కాపీరైట్ చట్టం 1957ల వచ్చింది. 2012ల పెద్ద సవరణ చేసిన్రు. సినిమా పాట రాసినాయనకు, బాణీ కట్టినాయనకు రాయల్టీల రావలసిన వాటాను నిర్మాత రాయించుకోకుండ అడ్డం పెట్టిన్రు. మంచిదే, వాళ్లు కొట్లాడి తెచ్చుకున్నరు. కవర్ వర్షన్ల కోసం 31సి అని సెక్షన్ పెట్టిన్రు. మొదటి రికార్డు వచ్చిన ఏడు పోయి ఐదేండ్లు నిండాలె. ముందుగాల నోటీసు ఇయ్యాలె. రాయల్టీ ముందే కట్టాలె. పాటల ఇష్టమున్నట్టు మార్పులు చెయ్యరాదు. ఇది కవర్ వర్షన్ అని పైన రాయాలె. 57వ సెక్షన్ రచయితకు 'ఇది నాది' అని చెప్పుకునే హక్కు ఇస్తది, ఆ హక్కు రచన అమ్ముకున్నంక సుత పోదు.

సూసిన్రా? సినిమా పాటను మళ్ల పాడాలంటే ఇన్ని కట్టుబాట్లు. అదే సినిమా పాటకు తల్లి అయిన ఊరి పాటను తీసుకోవాలంటే ఒక్క కట్టుబాటు లేదు. ఐదేండ్లు లేదు, నోటీసు లేదు, రాయల్టీ లేదు, పేరు లేదు. జానపదానికి అంటూ ఆ చట్టంల ప్రత్యేకంగ ఒక సెక్షన్ లేదు. బిడ్డకు చట్టమున్నది, తల్లికి లేదు!

సింహం పాట కథ

ఇది మన ఒక్కరి బాధ కాదు. దక్షిణాఫ్రికాల సాలమన్ లిండా అని ఒక జులూ గాయకుడు ఉండె. 1939ల జోహానెస్ బర్గ్ ల 'ంబూబే' అనే పాట రికార్డు చేసిండు. ంబూబే అంటే సింహం. హక్కులను రికార్డు కంపెనీకి పది షిల్లింగులకు ఇచ్చిండని చెప్తరు. ఆ పాట సముద్రం దాటింది. అమెరికాల పీట్ సీగర్, వీవర్స్ బృందం ఇంకో పేరుతోని పాడిన్రు. 1961ల టోకెన్స్ అనే బృందం మళ్లొక్క తీరు మార్చి 'ద లయన్ స్లీప్స్ టునైట్' అని పాడితే అమెరికా అంత మార్మోగింది. 1994ల డిస్నీ 'లయన్ కింగ్' సినిమాలకు ఎక్కింది. పాట కోట్లు కాసింది. లిండా 1962ల పేదోడిగనే కన్ను మూసిండు.

2000ల రియాన్ మలాన్ అనే పాత్రికేయుడు ఆ పాట పుట్టు పూర్వోత్తరాలు తవ్వి రాసిండు. లిండా బిడ్డలు కోర్టుకు ఎక్కిన్రు. 2006ల రాజీ కుదిరింది. రాయల్టీల వాటా ఇస్తమని ఒప్పుకున్నరు. తండ్రి పాడిన అరువై ఏడేండ్లకు, తండ్రి సచ్చిన నలభై నాలుగేండ్లకు! అదైనా ఎందుకు గెలిచిన్రు? రికార్డు ఉన్నది, దాని మీద లిండా పేరు ఉన్నది. పేరు ఉంటెనే వాటా అడగొచ్చు. పేరు లేకుంటె అడిగేటందుకు సుత దారి లేదు. గందుకే మొదలు పేరు మీద కొట్లాడాలె అంటున్న.

అదే ఆఫ్రికాల ఘనా దేశం 2005ల చట్టం చేసింది. జానపద కళల మీద హక్కు ప్రజల తరఫున దేశాధ్యక్షుని పేరిట ఉంటది. యాపారానికి వాడుకోవాలంటే జానపద బోర్డు పర్మిషన్ తీసుకోవాలె, రుసుం కట్టాలె. దాంట్ల లోపాలు ఉండొచ్చు. సర్కారు చేతికిస్తే పాటకు సంకెలలు పడతయని భయమూ ఉన్నది. గని ఊరి పాటకు ఖరీదు ఉన్నదని ఒక దేశం కాగితం మీద ఒప్పుకున్నది. పాటతోనే రాష్ట్రం తెచ్చుకున్న మనం ఇంక ఒప్పుకోలేదు.

పతకాలు సరే, పని ఏది?

పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యను యాదికి తెచ్చుకోన్రి. నాగర్ కర్నూల్ దిక్కు బిడ్డ. 2021ల 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్ ఆయన గొంతుతోనే మొదలయితది. 2022ల పద్మశ్రీ ప్రకటించిన్రు. ఫొటోలు దిగిన్రు, శాలువలు కప్పిన్రు, కోటి రూపాయలు ఇస్తమని ప్రకటనలు చేసిన్రు. రెండేండ్లు తిరిగిందో లేదో, 2024 మే నెలల తుర్కయంజాల్ల కూలి పనికి పోతున్న పద్మశ్రీ మొగులయ్య దృశ్యాలు లోకమంత సూసింది. మళ్ల సాయం ప్రకటనలు, మళ్ల ఫొటోలు. మనకు కళాకారుడు అంటే సాయం చెయ్యవలసిన బీదోడు. హక్కు ఉన్న పనోడు కాదు. దానం ఇస్తం, కూలి ఇయ్యం. ఇదెక్కడి న్యాయం?

మంచి సుత చెప్పాలె. 2023ల 'బలగం' సినిమా ఆఖరుల బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ వాళ్లే వచ్చి, వాళ్ల గొంతుతోనే పాడిన్రు. ఊర్లల్ల తెరలు కట్టి జనం ఆ సినిమా సూసి ఏడ్చిన్రు. విడిపోయిన అన్నదమ్ములు కలుసుకున్నరని కథలు కథలుగ చెప్పుకున్నరు. ఆ గొంతుకు బదులు స్టూడియో గొంతు పెడితే గంత ఏడుపు వచ్చునా? పాట ఎవరిదో వాళ్లను తెర మీదికి తెస్తే యాపారం సుత చెడలేదు గదా! మొగిలయ్య 2024 డిసెంబర్ల కిడ్నీల రోగంతోని పోయిండు. ఆయన పోయిననాడు పేపర్లు పేరు పెట్టి రాసినయి. పేరు తెలిస్తెనే గదా ఏడుస్తరు!

మన రాజకీయం సంగతి సూడున్రి. 2024 మే నెలల రాష్ట్ర చిహ్నం నుంచి చార్మినార్ను, కాకతీయ తోరణాన్ని తీస్తరట అని లొల్లి అయింది. ఇదే చార్మినార్ ముందట వచ్చి ధర్నా చేసిన్రు. అదే నెలల అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ'కు కీరవాణి సంగీతం ఏంది, మన సంగీతకారులు లేరా అని ఇంకో లొల్లి. జూన్ 2న పాట రాష్ట్ర గీతమై వచ్చింది. ఉద్యమంల ప్రతి బడిల, ప్రతి సభల పాడిన పాటకు పదేండ్లు ఆలస్యంగ దక్కిన గౌరవం అది. అందెశ్రీ 2025 నవంబర్ల మనలను విడిచిపోయిండు. ఆ రెండు చర్చలు తప్పని నేను అనను. గని లోగోల చార్మినార్ ఉండాలెనా వద్దా అని గొంతు చించుకున్న మనం, అసలు చార్మినార్ కింద మర్ఫా కొట్టే మనిషి గురించి ఎన్నడన్న గొంతిప్పినమా?

మర్ఫా ఈ పాతబస్తీ సొత్తు. నిజాం ఫౌజుల పనిచేసిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు తెచ్చిన దరువు. ఏసీ గార్డ్స్ అన్న పేరు ఆ ఆఫ్రికన్ అశ్విక దళం పేరే. బార్కస్ అంటే వాళ్ల బారక్సే. పాతబస్తీ పెండ్లిల మర్ఫా మోగుతది, బోనాల తొవ్వల సుత మోగుతది. ఆ దరువుకు మతం అడ్డం రాలే. తీన్మార్ దరువు లేనిదే ఇయ్యాల పట్నంల ఒక్క ఊరేగింపు నడవది. తీన్మార్ పేరుతోని 2011ల సినిమా వచ్చింది, టీవీల వార్తల పోగ్రాం వచ్చింది. తీన్మార్ వాడని రీమిక్స్ లేదు. గని ఆ దరువును ఈ గల్లీలల్ల తరతరాలు కాపాడినోళ్ల పేరు ఒక్క టైటిల్ కార్డుల పడ్డదా? కంప్యూటర్ల శాంపిల్ దొరుకుతుంటే మనిషిని పిలిచేదెందుకు? పది మంది కొట్టే చోట ఒక్క డీజే బండి నిలవడ్డది. ఆ పది మంది యాడికి పోయిన్రో ఎవరు అడగాలె?

నేను సుత దొంగనే

ఇంతసేపు లోకాన్ని తిట్టిన. ఇప్పుడు నా సంగతి చెప్పాలె.

2011. నేను నయాపూల్ కాడ సిటీ కాలేజీల డిగ్రీ చదువుతున్న. మార్చి 10న మిలియన్ మార్చ్ల ట్యాంక్ బండ్ మీద ఉన్న. సెప్టెంబర్ల సకల జనుల సమ్మె మొదలైంది. నలభై రెండు రోజులు. టీచర్లు, ఉద్యోగులు, సింగరేణి కార్మికులు, ఆర్టీసీ అన్నలు అందరూ పని బంద్ పెట్టిన్రు. నేను శిబిరం శిబిరం తిరిగి పాట పాడిన. ఆ పాట నేనే రాసిన. బాణీ మాత్రం మా నాయనమ్మది. ఎండకాలం వాకిట్ల మంచం మీద పండుకోని ఆమె పాడంగ ఇన్నది. ఆమె మాటలు తీసి తెలంగాణ మాటలు పెట్టిన. జనం లేచి ఎగిరిన్రు.

తర్వాత ఒక పాటల పుస్తకం అచ్చయింది. దాంట్ల నా పాట సుత పడ్డది. 'రచన, బాణీ' అని ఉన్నకాడ నా పేరు రాసుకున్న. పుస్తకం తీస్కపోయి మా నాయనమ్మకు సూపెట్టిన. ఆమెకు చదువు రాదు. నా పేరు మీద ఏలు పెట్టి సూపిస్తే మురిసి, పుస్తకాన్ని కండ్లకద్దుకున్నది. దాంట్ల తన పేరు లేదని ఆమెకు తెల్వదు. నాకు తెలుసు. ఆమె పోయింది. ఆ పుస్తకం నా తాన ఇంక ఉన్నది. ఇప్పటికీ ఆ పేజీ తెరవాలంటే చెయ్యి ఆడది.

ఉద్యమంల అందరం అదే చేసినం అని నన్ను నేను సమర్థించుకోవచ్చు. 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం నుంచి ఊరి బాణీల మీదనే ఉద్యమ పాట నిలవడ్డది. మనం పైసల కోసం చెయ్యలే, ఆశయం కోసం చేసినం అనవచ్చు. తేడా ఉన్నది, కాదనను. గని పైస తీసుకోకుంటే పేరు తియ్యవచ్చా? కీర్తి సుత ఒక తీరు పైసనే. రాష్ట్రం వచ్చినంక ఆ కీర్తితోనే కొందరికి పదవులు వచ్చినయి, కొందరికి సాంస్కృతిక సారథిల కొలువులు వచ్చినయి. బాణీ ఇచ్చిన తల్లులకు ఏమొచ్చింది?

ఉద్యమం తల్సుకుంటే పేరు నిలబెట్టగలదు. 'బండెనక బండి కట్టి' పాట 1980ల 'మా భూమి' సినిమాల గద్దర్ గొంతుతోని ఇల్లిల్లూ తిరిగింది. తర్వాత ఎందరు పాడిన్రో లెక్కలేదు. అయినా ఈనాటికీ ఆ పాట అనంగనే సాయుధ పోరాటంల అమరుడైన బండి యాదగిరి పేరు చెప్పుకుంటం. ఎందుకంటే పాడినోళ్లు, రాసినోళ్లు ఆ పేరును జారిపోనియ్యలే. యాపారం మరిపించే పేరును జనం యాది పెట్టుకోగలరు. ఇదే మనకు భరోసా.

ఏం చెయ్యాలె?

మూడు మాటలు అడుగుతున్న. పెద్ద కోరికలు కావు.

మొదటిది, పేరు. ఊరి పాట ఆధారంగ సినిమా పాట గని, ప్రైవేట్ ఆల్బం గని, రీమిక్స్ గని చేస్తే, ఎవరి నోటి నుంచి తీసుకున్నరో ఆ మనిషి పేరు, ఆ ఊరు పేరు టైటిల్ల రాయాలె. మనిషి దొరకకపోతే కులమో, పనో, ప్రాంతమో రాయాలె. 'సేకరణ' అన్న ఒక్క పదం రాయనీకి నిర్మాతకు ఏం కర్సు అయితది? రాష్ట్ర సర్కారు 2025 నుంచి సినిమాలకు గద్దర్ పేరు మీద అవార్డులు ఇస్తున్నది. జీవితాంతం ఊరి బాణీని నెత్తిన పెట్టుకున్న మనిషి పేరు అది. పాట మూలం రాయని సినిమాకు ఆ పాట మీద గద్దర్ అవార్డు లేదు అని ఒక్క నిబంధన పెట్టున్రి. దానికి పార్లమెంటు అక్కర లేదు, ఒక జీవో సాలు.

రెండోది, వాటా. కొత్త సరణం రాసిన కవి కష్టపడ్డడు, కాదనం. వాద్యం కట్టినాయన కష్టపడ్డడు, కాదనం. వాళ్ల వాటా వాళ్లకు పోను, పల్లవి ఇచ్చిన ఊరికి ఒక వాటా ఉండాలె. మనిషి తెలిస్తే మనిషికి. తెల్వకుంటే జానపద కళాకారుల నిధికి. ఆ నిధి నుంచి ముసలి కళాకారులకు పింఛను హక్కుగ రావాలె, ప్రభుత్వాలు మారినప్పుడల్ల ఆగే దయ తీరు కాదు.

మూడోది, పట్టిక. బిరుదురాజు రామరాజు సారు 1950లల్లనే ఉస్మానియాల తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి తొవ్వ ఏసిండు. వరంగల్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. భాషా సాంస్కృతిక శాఖ ఉన్నది. వీళ్లందరూ కలిసి ఏ పాట ఏ ఊర్లె, ఎవరు పాడంగ, ఏ తేదీన రికార్డు చేసిన్రో అందరూ సూసేటట్టు పెట్టాలె. గప్పుడు ఎవడన్న 'ఇది నేను కట్టిన' అంటే అదే రుజువు. కోమలికి టీవీ పోగ్రాం రుజువైంది. మిగిలిన తల్లులకు ఈ పట్టిక రుజువు కావాలె.

సర్కారు చేసేదాంక ఆగుదమా? ఆగద్దు. విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ చేతుల ఉన్న ఫోన్ ఒక రికార్డింగ్ స్టూడియో. దసరాకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ తాన కూసోన్రి. బతుకమ్మ పాట, నాట్ల పాట, ఇసుర్రాయి పాట రికార్డు చెయ్యున్రి. మొదలు ఆమె పేరు, ఊరు, ఎవరి తాన నేర్చుకున్నదో ఆమె నోటితోనే చెప్పియ్యున్రి. తేదీ చెప్పియ్యున్రి. ఆ తర్వాత పాట. ఉద్యోగ అన్నలు, అక్కలు, మీ ఆఫీసుల బతుకమ్మ ఆడేటప్పుడు డీజే పెట్టె కిరాయికి ఇచ్చే పైసలల్ల సగం ఊరి గొంతుకు ఇయ్యున్రి. పిలిచి పాడియ్యున్రి. పాడినామెకు కవరుల పెట్టి కూలి ఇయ్యున్రి, శాలువ కప్పి పంపకున్రి. రీల్స్ చేసేటోళ్లు, కవర్లు పాడేటోళ్లు, పాట కింద రెండు లైన్లు రాయున్రి: ఇది ఎవరి నోటి నుంచి వచ్చిందని. తెల్వకపోతే అడుగున్రి. అడుగుడు మనకు కొత్త కాదు గదా!

మళ్ల చార్మినార్ కాడికి వస్త. ఘటం ముందటికి పోయింది. డీజే బండ్లు మదీనా దిక్కు మళ్లినయి. కొంచెం సద్దుమణిగినంక ఆ ముసలవ్వను ఒక దుకాణం అరుగు మీద కూసోవెట్టి, చాయ్ తాగిపిచ్చి, ఆ పోయిన సరణం పాడుమన్న. సిగ్గుపడ్డది. తర్వాత పాడింది. మెల్లగ, నాటుకు వంగినట్టు ఊగుకుంట పాడింది. పటేలును తిట్టేకాడ గొంతు గట్టిగైంది. దుకాణపాయన తూకం ఆపి ఇన్నడు. ఫోన్ల రికార్డు చేసుకున్న.

"అవ్వా, పాట కింద నీ పేరు రాస్త" అన్న.

"నా పేరెందుకు బిడ్డా? గా సరణం కట్టింది మా చిన్నమ్మ. ఆమె పేరు రాయి" అన్నది.

చదువు రాని ఆ తల్లికి ఉన్న నీతి, లక్షల రూపాయల పెట్టెలు పెట్టుకున్న యాపారానికి లేదు. ఆనాడు పుస్తకం అచ్చేసిన నాకు సుత లేకపాయె. చిన్నమ్మ పేరు నా నోట్ పుస్తకంల రాసుకున్న. పాట అచ్చయిననాడు ఆ పేరు పాట కన్న పైన పడతది. దాంతో పాటు ఇంకో పేజీ సుత దిద్దుత. 'రచన, బాణీ' అని ఉన్నకాడ బాణీ ముందట మా నాయనమ్మ పేరు రాస్త.

పాటకు పేరు కావాలె! పాటకు వాటా కావాలె! పాట కట్టిన తల్లికి కూలి కావాలె!

జై తెలంగాణ!